తెలుగు బ్లాకులో సున్నా కేసులు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు మేడం అని అడుగుతుంటారు. ఏదైనా ఫర్వాలేదంటాను. వాళ్ళకు నచ్చదు. ఇంకేదో రహస్యం దాస్తున్నానని అనుమానం. రహస్యమేమీ లేదు. అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టే పనిలో జీవితంలో చాలా భాగం కువైట్‌లో గడిపాను. ఈ పనిలో లెక్క తప్పి జరిగిన అనర్థాన్ని నేను పెద్దగా చూడలేదు. తెలిసి కూడా నోరు మూసుకున్నవాళ్ళ వల్ల జరగబోయినవి చూశాను. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. పదోన్నతుల గురించి రాయను. రాద్దామన్నా చెప్పుకోదగ్గవి లేవు.

మా పని ఏమిటంటే

జనాన్ని మూడు గుంపులు చేస్తాం. జబ్బు ఇంకా రానివాళ్ళు, వచ్చినవాళ్ళు, వచ్చి తగ్గినవాళ్ళు. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు ఎంత వేగంగా మారుతున్నారో సమీకరణాలు రాస్తాం. మూలం అంతే. మిగతాదంతా దాని మీద అలంకారం. ఆ అలంకారానికే జీతాలు, విమానం టిక్కెట్లు, అయిదు నక్షత్రాల హోటళ్ళలో సదస్సులు. పై అధికారులకు ఒకే ఒక అంకె కావాలి, రంగుల్లో ఒక గీత కావాలి. ఆ గీత చివర్లో కిందికి దిగాలి. దిగకపోతే మళ్ళీ చేసుకురమ్మంటారు.

నేను విజయవాడలో ఒక కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పేదాన్ని. మావారికి కువైట్ రిఫైనరీలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. కొన్నాళ్ళకు ఒక పరిశోధన విభాగంలో చేరాను. నేను చేరాక కొన్నేళ్ళకు మాకు అధిపతిగా ఒక తెలుగాయన వచ్చాడు. అసలు పేరు వద్దు, రామ్మోహన్ అనుకుందాం. గుంటూరు వాడు. విదేశంలో గణితంలో డాక్టరేటు చేశాడు. అందరూ డాక్టర్ రామ్మోహన్ అనేవారు. జ్వరం వచ్చిన మనిషి నాడి ఎన్నడూ పట్టి చూడకపోయినా, ఆ పిలుపు విన్నప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చునేవాడు.

దజీజ్‌లో బియ్యం బస్తాలకు ఫ్లూ

ఆయన వచ్చిన కొత్తలో ఒక ఫ్లూ సీజనులో మ్యాపు తయారుచేశాడు. దాంట్లో దజీజ్ ఎర్రగా మండిపోతోంది. ఫర్వానియా పక్కన గోదాములుండే చోటు అది. ఇక్కడ పనిచేసే మనిషి ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, మీద ఏ చిరునామా ఉంటుందో కువైట్‌లో పిల్లలకు కూడా తెలుసు. కంపెనీ ఏది రాయిస్తే అది. మనిషి పడుకునేది మరోచోట. ఈ సంగతి నేను ముందే చెప్పాను. "సుభద్రగారూ, మనం అధికారిక డేటాతోనే వెళ్దాం" అన్నాడు.

పరీక్షల బృందాన్ని దజీజ్ పంపారు. వాళ్ళకు అక్కడ బియ్యం బస్తాలు, ఏసీ యంత్రాల పెట్టెలు, ఒక వాచ్‌మన్ కనిపించారు. వాచ్‌మన్‌కు జలుబు కూడా లేదు. ఎండలో వచ్చారని పాపం అందరికీ చల్లటి నీళ్ళు ఇచ్చాడట. నివేదికలో దాన్ని 'డేటా సమస్య' అని రాశారు. ఆ మాట మీకు జీవితమంతా తగులుతుంది కాబట్టి ఇప్పుడే అర్థం చెబుతాను. మనలో ఎవడూ కుర్చీలోంచి లేచి వెళ్ళి చూడలేదని అర్థం.

అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకున్నాం.

సున్నా

ఆ తర్వాత, ఫ్యాక్టరీలుండే షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీ కార్మికుల వసతిలో చికెన్‌పాక్స్ మొదలైంది. మూడు బ్లాకులు. ఒకదాంట్లో ఎక్కువగా నేపాలీలు, ఒకదాంట్లో ఉత్తరాది వాళ్ళు, మూడోదాంట్లో మనవాళ్ళు. కడప, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల వాళ్ళే ఎక్కువ. మొదటి రెండు బ్లాకుల నుంచి కంపెనీ క్లినిక్కుకు వరసగా కేసులు వస్తున్నాయి. తెలుగు బ్లాకు నుంచి ఒక్కటి కూడా లేదు.

ఇది ఎంత అసంభవమో చెప్పాలి. చలిదేశాల్లో ఈ జబ్బు చిన్నప్పుడే దాదాపు అందరికీ వచ్చిపోతుంది. మన ఉక్కపోత ప్రాంతాల్లో అలా కాదు, పెద్దయ్యే దాకా రానివాళ్ళు చాలామంది ఉంటారు. అలాంటివాళ్ళు గదికి ఎనిమిదిమంది పడుకునే చోట, పక్క బ్లాకులో జబ్బు ఉండగా, అందరూ ఒకే మెస్సులో తింటూ, సున్నా.

మంగళవారం మీటింగులో రామ్మోహన్ ఆ సున్నా చూపించి, ఈ బ్లాకు వాళ్ళకు ముందే రోగనిరోధకత ఉందని చెప్పాడు. స్లయిడ్ మీద ఆకుపచ్చ రంగు వేశాడు. చుట్టూ కూర్చున్న అధికారులు, బయటిదేశం నుంచి వచ్చిన సలహాదారు తలలూపారు. నేను నోరు తెరిచేలోపే ఎవరో "యల్లా, తర్వాతది" అన్నారు. ఆ బ్లాకును సురక్షిత ప్రాంతంగా వాడుకోవచ్చని, కంపెనీ తన క్లినిక్కు సిబ్బందిని దాని ప్రకారం సర్దుకోవచ్చని సిఫారసు రాయాలని తేల్చారు. నివేదిక సంగతి తర్వాత, ఆ స్లయిడ్ మాత్రం అప్పుడే కంపెనీకి వెళ్ళిపోయింది.

ఆ గదిలో తెలుగువాళ్ళం ఇద్దరమే. ఆ సున్నాకు అర్థం ఆ ఇద్దరికీ తెలుసు.

తెలుగు పాఠకులకు వివరించి చెప్పాల్సిన పనిలేదు. మనలో చికెన్‌పాక్స్ రాదు, అమ్మవారు పోస్తుంది. పోసినప్పుడు ఆస్పత్రికి వెళ్ళరు, మందు వేయరు, నలుగురికీ చెప్పరు. గుమ్మానికి వేపమండ కడతారు. ఇంట్లో తాలింపు వేయరు. తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోస్తారు. నాకు పోసినప్పుడు మా అమ్మ ఇంట్లో పోపు గింజ కూడా చిటపటలాడనివ్వలేదు. ఇదంతా తప్పని నేను అనడం లేదు. ఆ మనిషిని ఎవరూ ముట్టుకోకుండా ఓ మూల పడుకోబెట్టడం మంచిదే. కాకపోతే ఆ మూల ఏ క్లినిక్కు లెక్కలోకీ రాదు.

బయటికి వచ్చాక వరండాలో రామ్మోహన్‌ను ఆపాను.

"వాళ్ళకు రాలేదని మీరు నిజంగా నమ్ముతున్నారా?"

"డేటా అదే చెబుతోంది కదండీ."

"డేటా కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. గుంటూరులో పుట్టిన మిమ్మల్ని."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం చెయ్యమంటారు సుభద్రగారూ? అమ్మవారు పోసింది, అందుకే చెప్పట్లేదు అని ఆ సలహాదారు ముందు స్లయిడ్ వెయ్యమంటారా? మనవాళ్ళను ఏమనుకుంటారు వాళ్ళు? మనల్ని ఏమనుకుంటారు?"

నాకు ఒళ్ళు మండింది. మనవాళ్ళ పరువు కాపాడుతున్నాననే భ్రమలో ఆయన తన కోటుకు ముడత పడకుండా చూసుకుంటున్నాడు. ఈ రంగంలో దుర్మార్గులు తక్కువ. చదువుకున్న పిరికివాళ్ళు ఎక్కువ. నలుగురిలో నాగరికంగా కనబడాలని, తమ ఇళ్ళల్లో జరిగేదాన్ని తామే ఎరగనట్టు నటిస్తారు. బయటివాడు అజ్ఞానంతో చేసే తప్పును నేను క్షమిస్తాను. తెలిసినవాడు సిగ్గుతో చేసే తప్పుకు నా దగ్గర క్షమ లేదు.

షుఐబాకు వెళ్ళాను

మర్నాడు నేనే బయలుదేరాను. మధ్యాహ్నం భోజనాల వేళకు చేరేలా చూసుకున్నాను. మొదటి రెండు బ్లాకుల్లో వరండా అంతా ఉల్లిపాయ, మసాలా ఘాటు. తెలుగు బ్లాకులో కింది అంతస్తు దాకా మనవాళ్ళ ఎండుమిరప తాలింపు వాసన ఉంది. రెండో అంతస్తుకు వెళ్ళేసరికి లేదు. వరుసగా నాలుగు గదుల దగ్గర చప్పిడి పప్పు ఉడుకుతున్న వాసన తప్ప ఏమీ లేదు. తలుపుల మీద వేపరెమ్మలు. షుఐబాలో వేపాకు ఎక్కడ దొరికిందో, రోడ్డు పక్క నాటిన చెట్లవే అయివుండాలి.

ఒక గది తలుపు తడితే ఓబులేసు అని రాయచోటి వైపు అతను సగం తెరిచాడు. తెలుగులో పలకరించేసరికి మొహం కాస్త విప్పారింది గానీ తలుపు మాత్రం వదల్లేదు.

"లోపలికి రావాకండి మేడమ్. అమ్మ పోసిండాది."

"ఎంతమందికి?"

"ఈ గదిలో ముగ్గురికి. ఆ పక్క గదుల్లో కూడా ఉండారు."

"క్లినిక్కుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే యాడికో తీసకపోయి ఒంటిగా పడేస్తారంట. ఆడ నీళ్ళు పోసేదెవురు మేడమ్? మందులిచ్చి అమ్మకు కోపం తెప్పిస్తారు. మల్లా కంపెనీ వోళ్ళు, జబ్బు మనిషి మాకొద్దు, ఖలాస్, ఇంటికి పో అంటే ఏం జేసేది?"

ఇది మూఢనమ్మకమో జాగ్రత్తో మీరే తేల్చుకోండి. నాకైతే ఆ భయంలో సగం కంటే ఎక్కువ సబబుగానే తోచింది. ఆ గదులకు ఒక్క మనిషినీ పంపనిది, వాళ్ళ మాట ఒక్కటీ విననిది మా విభాగమే.

కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర సునీత ఎదురైంది. కంపెనీ నర్సు. రాజోలు పిల్ల. వారం వారం మాకు కేసుల వివరాలు పంపేది ఆ అమ్మాయే. సెలవు రోజైన శుక్రవారం చర్చి నుంచి వస్తూ అప్పుడప్పుడు మా ఇంట్లో భోజనానికి ఆగేది. ఆమెకు అయిదో నెల. అంతకుముందు ఒకసారి పోయింది. ఈసారి నిలవాలని చర్చిలో ఎన్ని ప్రార్థనలు చేయించిందో నాకు తెలుసు.

"ఆయ్, మీరేంటండి మేడంగారూ ఇలా వచ్చారు?" అంటూ సంతోషంగా దగ్గరికి వచ్చింది. "నాకు డ్యూటీ మార్చారండి. ఒంటిమనిషిని కాదు కదాండి, జబ్బున్న బ్లాకులొద్దని చెప్పి సేఫ్ బ్లాకులో వేశారండి. ఆదివారం నించి ఈ పైన గదుల్లో రౌండ్లు నాయేనండి."

పైనున్నది ఏ బ్లాకో నేను వేరే చెప్పక్కర్లేదు.

"నీకు చిన్నప్పుడు వచ్చిందా ఇది?"

"తెలీదండి. మా అమ్మనడిగితే, ఏవో పొక్కులొచ్చినియ్యే, అవి వేడి పొక్కులో ఏంటో అంటందండి."

గర్భిణికి ఈ జబ్బు వస్తే ఊపిరితిత్తులకు పాకి తల్లి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. బిడ్డకూ ముప్పే. గర్భంతో ఉండగా టీకా వేయరు. ఒంట్లో రక్షణ ఉందో లేదో రక్తపరీక్ష చెబుతుంది కానీ ఫలితం ఆదివారం లోపల రాదు. అయినా వెంటనే రక్తం ఇచ్చేయమన్నాను. పైన సంగతి చెప్పాను.

"వెళ్ళనంటే ఊరుకోరండి. కాయితం మీద సేఫని ఉంది కదా అంటారండి. నా ఇఖామా వాళ్ళ చేతిలో ఉందండి."

కంపెనీ సేఫ్టీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మర్యాదగా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. అంతా విని, మీ డాక్టర్ సంతకంతో ఉత్తరం తీసుకొస్తే ఈ నిమిషమే మారుస్తానన్నాడు. నేను డాక్టర్‌ను కాను. ఆ మాటకొస్తే మా డాక్టరూ కాడు. అది ఆయనకు చెప్పి ఏం లాభం?

రామ్మోహన్ ఇంట్లో

గురువారం రామ్మోహన్ ఆఫీసుకు రాలేదు. ఇంట్లో వైరల్ జ్వరాలని కబురు చేశాడు. నివేదిక మాత్రం సాయంత్రానికి మెయిల్‌లో పంపాడు. తెలుగు బ్లాకు ఆకుపచ్చగానే ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శుక్రవారం పొద్దున సాల్మియాలో వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాను.

తలుపు పైన వేపమండ కట్టి ఉంది.

నవ్వాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. బెల్లు కొడితే వాళ్ళావిడ పద్మజ తలుపు ఓరగా తీసింది.

"అక్కా, లోపలికి రాకండి. పాపకు అమ్మవారు పోసింది."

"నాకు చిన్నప్పుడే పోసిందమ్మా."

"అయితే రండి. కాళ్ళు కడుక్కుని రండి."

వంటింట్లోంచి పప్పు వాసన. తాలింపు లేదు. రామ్మోహన్ లుంగీలో బయటికి వచ్చాడు.

"వైరల్ జ్వరం సుభద్రగారూ, అంతే" అన్నాడు.

"వైరలే" అంది పద్మజ. "ఒళ్ళంతా పొక్కులున్నాయి."

"ఎప్పటి నుంచి?" అన్నాను.

పద్మజే చెప్పింది. "మంగళవారం పొద్దున వీపు మీద చూశానక్కా. ఈయన మీటింగుకు తయారవుతుంటే చూపించాను. వేపమండ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని వెళ్ళారు."

అంటే కూతురి వీపు మీద పొక్కులు చూసి, వేపమండ ఎక్కడ దొరుకుతుందో విచారించి, ఆ తర్వాతే వచ్చి ఆ స్లయిడ్ వేశాడు. టీకాలు వేస్తే జబ్బు ఎంత తగ్గుతుందో లోకానికి లెక్కలు చెప్పే ఈ మనిషి, సొంత కూతురికి రెండో డోసు వాయిదా వేశాడని కూడా ఆ మాటల్లోనే తెలిసింది.

"డాక్టరుకు చూపించారా?"

"చూపిస్తే స్కూలుకు తెలుస్తుంది" అన్నాడు రామ్మోహన్. "ఆఫీసుకు తెలుస్తుంది. అంటువ్యాధుల విభాగం అధిపతి ఇంట్లోనే... మీరే ఆలోచించండి."

ఆలోచించాను. ఓబులేసు దాచింది ఉద్యోగం పోతుందని. ఈయన దాచింది నలుగురూ నవ్వుతారని. ఆ మాటే మొహాన అన్నాను. సునీత సంగతి కూడా చెప్పాను.

నివేదిక వెళ్ళిపోయిందన్నాడు. వెనక్కి తీసుకుంటే విభాగం మీద నమ్మకం పోతుందన్నాడు. ఆదివారం ఆఫీసుకు వచ్చాక ఒక వివరణ జతచేద్దామన్నాడు.

పద్మజ అంతసేపూ గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆదివారం ఆ అమ్మాయి పైకి వెళ్ళాక జతచేస్తారా?" అంది.

"పద్మా, నీకు తెలీదు. ఇది ఆఫీసు విషయం."

"నాకు తెలిసిందే చెబుతున్నాను. ఇప్పుడే ఆ కంపెనీకి ఫోన్ చెయ్యండి. నా ఎదురుగా చెయ్యండి."

"చేసి ఏం చెప్పను?"

"మన పాపకు వచ్చిందని చెప్పండి. మనం ఎవరికీ చెప్పలేదని చెప్పండి. వాళ్ళూ మనలాంటి వాళ్ళే, వాళ్ళూ చెప్పరని చెప్పండి. ఇందులో లెక్కలేం కావాలి మీకు?"

లోపల పాప నీళ్ళు కావాలని పిలిచింది. పద్మజ కదల్లేదు. ఆయన ఫోన్ తీసేదాకా అలాగే నిలబడి, ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టాక అప్పుడు లోపలికి వెళ్ళింది.

ఆ ఫోను మాట్లాడుతున్నంతసేపూ నేను ఆయన మొహం చూశాను. 'మా ఇంట్లో కూడా' అన్న చోట తల గోడవైపు తిప్పుకున్నాడు. జాలి పడాల్సింది, పడలేదు. ఇప్పటికీ పడటం లేదు. ఆ ఒక్క మాట మంగళవారం మీటింగులో అనివుంటే సరిపోయేది.

ఆ తర్వాత

రామ్మోహన్ సంతకం చేసిన ఉత్తరం ఆ సాయంత్రమే కంపెనీకి చేరింది, సునీతను మందుల గదిలో వేశారు. ఆ పై గదులకు చిన్నప్పుడే జబ్బు వచ్చిపోయిన ఇంకో నర్సు వెళ్ళింది. జబ్బు మనుషుల్ని ఎక్కడికీ తీసుకుపోమని, రెండో అంతస్తులోనే ఉంచుతామని, వేపాకు నీళ్ళకు అడ్డం చెప్పబోమని కంపెనీ చేత రాయించాక తలుపులు తెరుచుకున్నాయి. ఎవరినీ ఇంటికి పంపలేదు. ఆకుపచ్చ బ్లాకు మూడు బ్లాకుల్లోకీ ఎర్రనిదిగా తేలింది. రామ్మోహన్ కొత్త నివేదికలో 'సవరించిన డేటా ప్రకారం' అని రాశాడు. ఎవరు సవరించారో, ఎందుకు సవరించాల్సి వచ్చిందో ఒక్క ముక్క లేదు. బయటి సలహాదారు ఆ పని చాలా నిశితంగా ఉందని మెచ్చుకున్నాడు. నేను ఆ నివేదిక మీద నా పేరు తీసేయమన్నాను. చాలా సంతోషంగా తీసేశారు.

మీరు చేరబోయే చోట కూడా ఒక రామ్మోహన్ ఉంటాడు. ఆయనతో వాదించి గెలవలేరు, ఎందుకంటే ఆయన దగ్గర ఎప్పుడూ డేటా ఉంటుంది. మీరు పుట్టి పెరిగిన ఇల్లు మీకు నేర్పినదాన్ని మీటింగు గది బయట విడిచి లోపలికి వెళ్ళకండి. అక్కడ అందరికంటే మీకు ఎక్కువ తెలిసేది అదొక్కటే కావచ్చు.

సునీత రక్తపరీక్ష ఫలితం ఆదివారం గడిచిపోయాక వచ్చింది. ఫోన్‌లో నాకు పంపి, "సార్‌గారికి కూడా చూపించి థాంక్స్ చెప్పండి మేడంగారూ" అని రాసింది. రామ్మోహన్ గదికి వెళ్ళి ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆ జబ్బును తట్టుకునే రక్షణ ఆ అమ్మాయి ఒంట్లో ఏమాత్రం లేదు.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూశాను.

"దీన్ని నివేదికలో చేర్చాలంటారా?" అన్నాడు.

"అక్కర్లేదు" అన్నాను. "ఇంటికి వెళ్ళి మీ ఆవిడకు చూపించండి."